నెత్తుటి నుంచి పుట్టిన ధీమా: ‘సాంగ్విన్’ అనే మాట కథ

భయంతో బిగుసుకుపోయిన మనిషి ముఖం చూసి ‘కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు’ అంటారు తెలుగువారు. ముఖం పాలిపోయింది, గాటు పెట్టినా చుక్క రాలేలా లేదు అని భావం. ఈ జాతీయాన్ని తిరగేస్తే మరో మనిషి కనిపిస్తాడు. బుగ్గల నిండా నెత్తురు పొంగి, ముఖం కళకళలాడుతూ, రేపటి సంగతి రేపు చక్కబడుతుందిలే అన్నట్టు కుదురుగా కూర్చున్న మనిషి. మొదటివాడికి తెలుగులో జాతీయం ఉంది. రెండోవాడిని నెత్తుటితో ముడిపెట్టి చెప్పే విశేషణం ఇంగ్లీషులో ఉంది. అదే ‘సాంగ్విన్’.

ఇంగ్లీషు పత్రికల సంపాదకీయాలు, ఆర్థిక నివేదికలు చదివేవారికి ఈ మాట తరచుగా ఎదురవుతుంది. జీఆర్ఈకి సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులకైతే పదాల పట్టికల్లో పాత పరిచయమే. ఆ పట్టికల్లో దీని పక్కన ఉండే అర్థం ‘ఆప్టిమిస్టిక్’. తెలుగులోకి వచ్చేసరికి అది ‘ఆశావాది’ అవుతుంది. పరీక్షలో మార్కు రావడానికి ఆ అర్థం సరిపోతుంది కాని, మాటను వాడడానికి సరిపోదు. సాంగ్విన్ అనే మాట ఒక తాత్త్విక వాదం నుంచి వచ్చింది కాదు, ఒక శరీరం నుంచి వచ్చింది. ఆ శరీరాన్ని మరిచిపోతే దాని రుచి పోతుంది, వాడుకా తప్పుతుంది.

లాటిన్ భాషలో నెత్తురుకు రెండు మాటలు ఉండేవి. ఒంట్లో పారుతూ మనిషిని బతికించే నెత్తురు ‘సాంగ్విస్’. గాయం నుంచి కారి గడ్డకట్టిన నెత్తురు ‘క్రూఓర్’. ఈ రెండో మాట బంధువర్గంలోనే ఇంగ్లీషు ‘క్రూడ్’, ‘క్రూయెల్’ పుట్టాయి. సంస్కృతం ద్వారా తెలుగుకు వచ్చిన ‘క్రూరం’ కూడా ఆ పాత కుదురుకు చెందినదే. పచ్చి మాంసం, ఒలికిన నెత్తురు అనే భావం నుంచే దయలేనితనం అనే అర్థం అటూ ఇటూ కూడా వచ్చింది. మన మాటకు మూలం మాత్రం మొదటిది, జీవం ఉన్న నెత్తురు. ‘సాంగ్విస్’ నుంచి ‘సాంగ్వినియస్’ అనే విశేషణం వచ్చింది. అది పాత ఫ్రెంచిలో ‘సాంగ్విన్’ రూపం తీసుకుని, 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి చేరింది.

వచ్చిన కొత్తలో దాని అర్థం చాలా సూటిగా ఉండేది: నెత్తుటి రంగు. ఎర్రని ఖరీదైన బట్టకూ అదే పేరు. ఇంగ్లీషు కవి చాసర్ తన ‘కాంటర్బరీ కథల’ ఉపోద్ఘాతంలో ఒక వైద్యుడికి ఆ రంగు బట్టలే కట్టబెట్టాడు. అదే ఉపోద్ఘాతంలో ఒక భూస్వామిని వర్ణిస్తూ, అతని మేని తత్త్వం సాంగ్విన్ అన్నాడు. ఆ భూస్వామి గడ్డం డైసీ పువ్వులా తెల్లన. పొద్దున్నే రొట్టెను ద్రాక్షసారాయిలో నంచుకుని తినడం అతని ముచ్చట. వచ్చిన అతిథికి లేదనకుండా పెట్టే ఇల్లు అతనిది, ఆ ఇంట్లో తిండీ తాగుడూ మంచులా కురిసేవట. ఇక్కడ సాంగ్విన్ రంగు పేరు మాత్రమే కాదు. ఎర్రని ముఖం, మంచి ఆకలి, ఇచ్చే చెయ్యి, దిగులు లేని మనసు అన్నీ కలిసిన ఒక మనిషి తీరు. వైద్యుడి బట్టలో రంగుగా ఉన్న మాట, భూస్వామి ఒంటికి వచ్చేసరికి స్వభావమైంది. ఒకే కవి, ఒకే ఉపోద్ఘాతంలో ఈ రెండు వాడుకలనూ వదిలి వెళ్ళడం భాష చరిత్ర చూసేవారికి పెద్ద అదృష్టం.

రంగు స్వభావంగా ఎలా మారిందో తెలియాలంటే గ్రీకు వైద్యం దగ్గరికి వెళ్ళాలి. హిప్పోక్రటీస్ సంప్రదాయానికి చెందిన ‘మానవ ప్రకృతి’ అనే గ్రంథం మనిషి ఒంట్లో నాలుగు ద్రవాలు ఉంటాయని చెప్పింది. నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. ఇవి సమపాళ్ళలో కలిస్తే ఆరోగ్యం, ఒకటి మించితే రోగం. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో రోమ్‌లో పేరు తెచ్చుకున్న గేలన్, ఆ తరువాత అతని దారిలో నడిచినవారు దీన్ని మరింత బిగించారు. నెత్తురు వేడి, తడి. దాని ఋతువు వసంతం, దాని భూతం గాలి. ఒక్కో మనిషిలో ఒక్కో ద్రవం పైచేయిగా ఉంటుందని, దాన్ని బట్టే గుణం ఏర్పడుతుందని నమ్మారు. నల్ల పిత్తం పైచేయి అయితే దిగులు, ‘మెలాంకలీ’ అంటే గ్రీకులో నల్ల పిత్తమే. పసుపు పిత్తం మించితే కోపం, అది ‘కాలరిక్’. కఫం మించితే చలనం లేని నెమ్మది, అది ‘ఫ్లెగ్మాటిక్’. నెత్తురు నిండుగా ఉంటే ఉల్లాసం, చొరవ, ధీమా. అది సాంగ్విన్.

ఈ నాలుగు ద్రవాల ఊహ ఎక్కడిది? 20వ శతాబ్దపు స్వీడన్ వైద్యుడు రాబిన్ ఫోరేయస్ చక్కని వివరణ ఇచ్చాడు. నెత్తుటిలో ఎర్ర కణాలు ఎంత వేగంగా అడుగుకు తేరుతాయో కొలిచే నేటి ఈఎస్ఆర్ పరీక్షకు దారి వేసినవారిలో ఆయన ఒకరు. రోగి నెత్తురును గాజు పాత్రలో తీసి కదపకుండా ఉంచితే, అడుగున నల్లని గడ్డ, దాని పైన ఎర్రని పొర, ఆపై తెల్లని పలుచని పొర, అన్నిటికీ పైన పసుపు నీరు తేరుతాయి. పాతకాలపు వైద్యులు కళ్ళారా చూసింది ఇదేనని, అదే నాలుగు ద్రవాల సిద్ధాంతానికి పునాది కావచ్చని ఆయన ఊహ. నిరూపణ దొరికే విషయం కాదు ఇది. అయినా పాతవారు గాలిలో మేడలు కట్టలేదని, కంటికి కనిపించినదానికే పేర్లు పెట్టారని చూపే వివరణ గనుక నమ్మబుద్ధి వేస్తుంది.

నెత్తురు మించినవాడు ధీమాగా ఉంటాడన్న నమ్మకానికి మరో ముఖం ఉంది. మించినది తీసెయ్యాలి కదా. రక్తనాళం కోసి నెత్తురు కార్చడం యూరప్, అమెరికా వైద్యంలో శతాబ్దాల తరబడి మొదటి చికిత్సగా సాగింది. 1799 డిసెంబరు 14న అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ గొంతు వాపుతో మరణించారు. కొద్ది గంటల వ్యవధిలో ఆయన ఒంటి నుంచి పలుమార్లు నెత్తురు తీశారు, మొత్తం రెండు లీటర్లకు పైనే. రోగి బతుకుతాడన్న వైద్యుల ధీమా, రోగి ఒంట్లోని నెత్తుటిని హరించిన రోజు అది. నెత్తురు గుండె నుంచి బయలుదేరి ఒళ్ళంతా తిరిగి గుండెకే చేరుతుందని ఇంగ్లీషు వైద్యుడు విలియం హార్వే 1628లోనే చాటాడు. అయినా పాత సిద్ధాంతం ఇంకో రెండు వందల ఏళ్ళు బతికింది. పారిస్‌లో పియెర్ లూయీ అనే వైద్యుడు రోగుల లెక్కలు తీసి, నెత్తురు కార్చడం వల్ల ఒరిగేది స్వల్పమని 1835లో చూపాడు. 1858లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో రోగానికి మూలం కణంలో ఉందని చెప్పాక నాలుగు ద్రవాల కథ యూరప్ వైద్యంలో ముగిసింది.

సిద్ధాంతం పోయినా మాటలు పోలేదు. ఇదే ఇందులో ఆలోచించవలసిన సంగతి. ‘టెంపరమెంట్’ అంటే మొదట కలపడం, పాళ్ళు కుదర్చడం. ‘కాంప్లెక్షన్’ అంటే ద్రవాల అల్లిక. ఆ అల్లిక ముఖంలో రంగుగా బయటపడుతుంది గనుక చివరకు మేనిఛాయకు పేరైంది. ‘హ్యూమర్’ అంటే అసలు తడి, ద్రవం. ద్రవం మనోస్థితిగా, మనోస్థితి వింత ధోరణిగా, వింత ధోరణి నవ్వు పుట్టించేదిగా మారి హాస్యం దగ్గర ఆగింది.

ఈ చివరి ప్రయాణం తెలుగువారికి వింతగా తోచనక్కరలేదు. మనకు ‘రసం’ ఉంది. రసం అంటే పండులోని నీరు, చారు, ధాతువు. అదే మాట నాట్యశాస్త్రంలో శృంగారం, వీరం, హాస్యం వంటి మనోస్థితుల పేరు. ఒంట్లో రసం ఇంకిపోతే ‘నీరసం’. మనుషుల మధ్య రసం ఉంటే ‘సరసం’, చెడితే ‘విరసం’. రోజుకు పదిసార్లు నీరసంగా ఉందనే మనిషి, తన ఒంట్లో ఒక ద్రవం తగ్గిందని పాత వైద్య భాషలోనే చెబుతున్నాడు, తనకు తెలియకుండానే.

నెత్తుటి విషయంలో పోలిక ఇంకా దగ్గరగా ఉంది. ‘రక్తం’ అంటే సంస్కృతంలో ఎర్రబారినది, రంగెక్కినది. ‘రంజ్’ అనే ధాతువు దానికి మూలం. ఆ ధాతువు నుంచే రాగం, అనురాగం, అనురక్తి, రంజనం వచ్చాయి. నాటకం బాగా పండితే ‘రక్తి కట్టింది’ అంటాం. మనసు దేని మీదా నిలవక వెలిసిపోతే ‘విరక్తి’ అంటాం. ఎరుపు ఎక్కితే ప్రీతి, ఎరుపు దిగితే వైరాగ్యం. లాటిన్‌లో నెత్తురు ధీమాకు తోవ తీస్తే, మన దగ్గర ఆ ఎరుపు ప్రేమకు తోవ తీసింది. రెండు దారులూ మనిషి ముఖంలోకి పాకే రంగు దగ్గరే మొదలయ్యాయి.

ఆయుర్వేదం ప్రధానంగా మూడు దోషాలనే లెక్కించింది: వాతం, పిత్తం, కఫం. సుశ్రుతుడు మాత్రం నెత్తురుకు వాటి సరసన నాలుగో స్థానం ఇచ్చినట్టే రాశాడు. ఈ మూడింటిలో తెలుగు నుడికారంలోకి బలంగా దిగింది పిత్తమే. ‘వాడికి పైత్యం ప్రకోపించింది’ అన్నప్పుడు ఎవరూ వైద్యుణ్ణి పిలవమని కాదు, వాడి పిచ్చి పోకడ గురించి చెబుతున్నారని అర్థం. పైత్యం దేహం నుంచి బుద్ధికి ఎక్కిన మాట. కాలరిక్, మెలాంకలిక్ అనే ఇంగ్లీషు మాటలకు అది మేనరికపు చుట్టం లాంటిది.

మళ్ళీ సాంగ్విన్ వాడుకకు వద్దాం. 15వ శతాబ్దం చివరికి అది ఉల్లాసం, నమ్మకం అనే అర్థాల వైపు జరగడం మొదలైంది. ఐతే నెత్తుటి వాసన ఒక్కసారిగా పోలేదు. షేక్‌స్పియర్ ‘నాలుగో హెన్రీ’ నాటకంలో యువరాజు, స్థూలకాయుడైన ఫాల్‌స్టాఫ్‌ను సాంగ్విన్ పిరికిపంద అని తిడతాడు. ఎర్రని బుగ్గల బలిష్ఠుడు, పైగా పిరికివాడు. ఆ పొసగనితనంలోనే తిట్టు పదును ఉంది. సాంగ్విన్ అంటే ఆశావాది అని మాత్రమే నేర్చుకున్నవారికి ఈ తిట్టు అర్థం కాదు. ఇంగ్లీషు కవి మిల్టన్ ఒక స్మృతి గీతంలో సాంగ్విన్ పువ్వు అన్నాడు. అక్కడ అది నెత్తుటి మరకల పువ్వు, ఆశకు సంబంధమే లేదు. చిత్రకళలో నేటికీ ఎర్రని సుద్దకు ఇదే పేరు. హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఉన్న సుద్ద అది, మన జేగురుకు దగ్గరి రంగు. లియొనార్డో డా విన్చీ ఎన్నో చిత్తు బొమ్మలు దానితోనే గీశాడు.

‘ఆప్టిమిస్టిక్’ చరిత్ర వేరు. అది శరీరం నుంచి కాదు, తత్త్వశాస్త్రం నుంచి వచ్చింది. సాధ్యమైన లోకాలన్నిటిలోకెల్లా ఇదే ఉత్తమమైనదని జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ 1710లో వాదించాడు. ఆ వాదాన్ని సమీక్షిస్తూ ఫ్రెంచి జెసూట్ పండితులు 1737లో లాటిన్ ‘ఆప్టిమస్’ నుంచి ‘ఆప్టిమిజం’ అనే మాట చేశారు. 1759లో ఫ్రెంచి రచయిత వోల్టేర్ తన ‘కాండీడ్’ నవలికలో ఆ వాదాన్ని ఎగతాళి చేసి మాటకు ప్రచారం తెచ్చాడు. అంటే ఆప్టిమిస్టిక్ అనే మాట ఇంగ్లీషులో స్థిరపడకముందే సాంగ్విన్ ఆ పని కొన్ని తరాలుగా చేస్తోంది.

పుట్టుకలోని ఈ తేడా వాడుకలో ఇప్పటికీ మిగిలి ఉంది. ఆప్టిమిస్టిక్ మనిషికి ఒక దృక్పథం ఉంటుంది, అడిగితే కారణాలు చెప్పగలడు. సాంగ్విన్ మనిషికి కారణాల కంటే ముందు ఒక నెమ్మది ఉంటుంది. పక్కవాళ్ళు కంగారు పడుతున్న విషయంలో అతను కంగారు పడడు. అందువల్ల ఈ మాట ఎప్పుడూ ఒక ప్రమాదం నీడలో కనిపిస్తుంది. ధరలు పెరుగుతాయేమో, వానలు తప్పుతాయేమో, ఒప్పందం బెడుస్తుందేమో అన్న సందేహం లేనిచోట సాంగ్విన్ అనవలసిన అవసరమే రాదు. పెళ్ళి కుదిరి సంతోషంగా ఉన్న మనిషి సాంగ్విన్ కాడు. పంట చేతికి రాకముందే, ఆకాశంలో మబ్బు జాడ లేకపోయినా, అప్పు తీర్చగలనని నిశ్చింతగా చెప్పే రైతు సాంగ్విన్.

మరో విశేషం ఉంది. పత్రికా భాషలో ఈ మాట ఒంటరిగా కంటే వ్యతిరేకంతోనో, తరతమ భేదంతోనో ఎక్కువగా నప్పుతుంది. దాని ముందు ‘నాట్’, ‘లెస్’, ‘టూ’ వంటి మాటలు చేరి, ‘అంత ధీమాగా లేరు’, ‘మునుపటంత నమ్మకంతో లేరు’, ‘మరీ భరోసాగా ఉన్నారు’ అనే అర్థాలు ఇస్తాయి. ఆర్థికవేత్త సూటిగా ‘భయంగా ఉంది’ అనడు. తాను అంత సాంగ్విన్‌గా లేనని మర్యాదగా అంటాడు. ఇందులో గుర్తుంచుకోవలసినది, ఈ మాట చిన్న హెచ్చరికను కూడా మోయగలదు. ఒకరి అంచనాను సాంగ్విన్ అన్నారంటే, అది నిజం కాకపోవచ్చుననే సూచన చాలాసార్లు లోపల దాగి ఉంటుంది. తెలుగులో ‘ఏ ధీమాతో అంటున్నాడో’ అనే వాక్యంలో ఉన్న ఛాయ అదే.

వాడుకలో నియమాలు కొన్నే. మనిషికి, స్వభావానికి, అభిప్రాయానికి, అంచనాకు ఈ విశేషణం చెల్లుతుంది. ఫలానా విషయమై అని చెప్పడానికి వెంట ‘అబౌట్’ వస్తుంది. ఇంట్లో మాట్లాడుకునే ఇంగ్లీషులో ఇది అరుదు, రాతలో సహజం. పలికేటప్పుడు మొదటి అక్షరం మీద ఊనిక ఉండాలి, చివర ‘విన్’ అనాలి కాని ‘వైన్’ అనకూడదు.

చాలామందిని పడదోసే గొయ్యి ఒకటుంది: ‘సాంగ్వినరీ’. అదే కుదురు, అర్థం మాత్రం ఎదురుబొదురు. సాంగ్వినరీ అంటే రక్తపాతంతో కూడినది, నెత్తురు కళ్ళచూసేది. సాంగ్వినరీ సేనాపతి హంతకుడు, సాంగ్విన్ సేనాపతి గెలుస్తానన్న నమ్మకం ఉన్నవాడు. ఒకే సేనాపతి రెండూ కావచ్చు, ఐనా మాటలు కలపరాదు. అదే కుటుంబంలోని మరో మాట తెలుగు నేల ఆసుపత్రుల్లో బాగా వినిపిస్తుంది. పుట్టబోయే బిడ్డకు జన్యుపరమైన ఇబ్బందులు ఉండవచ్చేమోనని వైద్యులు దంపతులను మేనరికమా అని అడిగి, కాగితం మీద ‘కన్సాంగ్వినియస్’ అని రాస్తారు. ఒకే నెత్తురు పంచుకున్నవారు అని దాని అర్థం. మనం రక్త సంబంధం అంటున్నదే అక్కడ లాటిన్ వేషంలో ఉంది.

ఫ్రెంచి నుంచి ఇంగ్లీషు తెచ్చుకున్న ‘సాంఫ్రుఆ’ అనే మాటను దీని పక్కన పెడితే తేడా ఇంకా తేటపడుతుంది. దాని అక్షరార్థం చల్లని నెత్తురు. ఆపద నెత్తి మీదికి వచ్చినా తొణకని గుణం అది. తెలుగులో దానికి ‘నిబ్బరం’ చక్కగా సరిపోతుంది. సాంగ్విన్‌లో నెత్తురు వెచ్చనిది. అది ఆపదను తట్టుకోవడం గురించి కాదు, ఆపద రాదులే అన్న నమ్మకం గురించి. దానికి ‘ధీమా’ సరిపోతుంది. అనువాదకులు ‘ఆశావహం’, ‘ఆశాజనకం’ అని రాయడం అలవాటైపోయింది. ఆశాజనకం అనేది పరిస్థితికి చెల్లుతుంది, మనిషికి చెల్లదు. ‘పరిస్థితి ఆశాజనకంగా ఉంది’ అనడం వేరు, ‘మంత్రి ధీమాగా ఉన్నారు’ అనడం వేరు. సాంగ్విన్ పక్షాన నిలబడేది రెండోదే.

నాలుగు తత్త్వాల లెక్క 20వ శతాబ్దంలో మనస్తత్వ శాస్త్రంలో మరోసారి తల ఎత్తింది. హాన్స్ ఐసెంక్ తన వ్యక్తిత్వ పటంలో నలుగురితో కలిసిపోతూ మనసు చెదరనివారిని సాంగ్విన్ మూలన ఉంచాడు. అక్కడ నెత్తుటి ప్రసక్తి లేదు, పేరు మాత్రమే మిగిలింది.

నెత్తుటితో సహా ఆ మాట అసలు అర్థం ఇంకా బతికి ఉన్న చోటు ఒకటి తెలుగువారి మధ్యనే ఉంది. గ్రీకు వైద్యం అరబ్బుల చేతికి చేరి, 11వ శతాబ్దంలో ఇబ్న్ సీనా రాసిన ‘కానూన్’తో గట్టిపడి, యునానీ పేరుతో మన దేశానికి వచ్చింది. యునానీ అంటేనే గ్రీకుది అని. అందులోనూ నాలుగు ద్రవాలే: నెత్తురు ‘దమ్’, కఫం ‘బల్గమ్’, పసుపు పిత్తం ‘సఫ్రా’, నల్ల పిత్తం ‘సౌదా’. గ్రీకు ‘ఫ్లెగ్మా’ యే అరబ్బీలో బల్గమ్ అయింది. ఉర్దూలో పిచ్చివాణ్ణి ‘సౌదాయీ’ అనడం మన పైత్యానికి జోడు. హైదరాబాదులో చార్మినార్ పక్కన, ఏడవ నిజాం కాలంలో కట్టిన నిజామియా తిబ్బీ కళాశాల ఆసుపత్రిలో ఇప్పటికీ యునానీ వైద్యం సాగుతోంది. ఆ శాస్త్రం ప్రకారం హకీము రోగి నాడి పట్టుకుని, ఒంటి వేడి, మేని రంగు, నిద్ర, ఆకలి చూసి అతని ‘మిజాజ్’, అంటే మేని తత్త్వం, తేలుస్తాడు. ఎర్రని ఛాయ, వెచ్చని ఒళ్ళు, నిండైన నాడి ఉన్న మనిషిది ‘దమవీ’ మిజాజ్. లండన్ పత్రికలో మార్కెట్ల గురించి రాసే వ్యాఖ్యాత వాడే సాంగ్విన్ కూడా, చార్మినార్ పక్క వీధిలో మణికట్టు మీద వేళ్ళు ఆనించి హకీము పలికే దమవీ కూడా, ఒకే గ్రీకు వైద్యుల నాలుగు ద్రవాల లెక్కకు చెందినవే.